రాగి చేలో ఆవాల సాలు

2023 సెప్టెంబరు 21, గురువారం. ఉదయం తొమ్మిదీ పది. ఆకాశం నిండా మబ్బు. వాన మాత్రం లేదు. బాగేపల్లి తాలూకాలో హైవే దిగి పడమటికి పోయే మట్టిదారి పక్కన, ఒక రాగి చేని గట్టు మీద ముగ్గురం నిలబడి ఉన్నాం: నేను, రైతు సంఘం అధ్యక్షుడు, ఆ చేను గల రైతు. రైతు భార్య చేనులోపల ఉంది. గట్టు మీద, మా కాళ్ళ దగ్గర, వేళ్ళతో సహా పీకిన ఆవాల మొక్కలు ఒక మోపు పడి ఉన్నాయి. వాటి పసుపు పూలు ఇంకా వాడలేదు.

ఆ రోజుకు నా ఉద్యోగానికి ముప్పై నాలుగేళ్ళు నిండాయి. ఆ ముప్పై నాలుగేళ్ళూ నేను చేసిన పని ఒక్కటే: ధాన్యంలో తేమ ఎంత, రాయి ఎంత, తాలు ఎంత, పురుగు ఎంత అని చూసి, అంకె వేసి, కింద సంతకం పెట్టడం. మనుషులు చెప్పిన మాట కంటే తూకం రాయి చెప్పిన మాటను నమ్మిన వాణ్ణి. ఇప్పుడు ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడూ నా దగ్గరికి వచ్చి, మీ అనుభవంలో పెద్ద కేసు ఏది సార్ అని అడుగుతారు. వాళ్ళు ఏదో కల్తీ లారీ పట్టుకున్న కథ చెబుతానని ఎదురు చూస్తారు. నేను ఈ గట్టు దగ్గరికే వస్తాను. ఇందులో కల్తీ లేదు, దొంగ లేడు. అందరూ ఒప్పుకుని, అందరూ మంచికే చేసిన పని ఇది.

కథ అర్థం కావాలంటే ముందు మా వైపు రాగి ఎలా విత్తుతారో తెలియాలి. ఎద్దుల గొర్రు ముందు పోతుంది; దాన్ని మగవాడు తోలుతాడు. గొర్రు వెనక తాడుతో కట్టిన ఒంటి గొట్టం ఒకటి నేలను గీసుకుంటూ వస్తుంది. ఇంటి ఆడమనిషి దాని వెంట నడుస్తూ, ఒడిలోని గింజలను ఆ గొట్టంలోకి జారవిడుస్తుంది. అలా కొన్ని రాగి సాళ్ళకు ఒకటి చొప్పున వేరే పంటల సాలు పడుతుంది: చిక్కుడు జాతి అనప, ఆవాలు, అలసంద, అక్కడక్కడా ఆముదం. కన్నడం కలిసిన మా మాటలో దీనికి “అక్కడి సాలు” అని పేరు. ఇక్కడ నేను పొట్టిగా సాలు అనే రాస్తాను. ఆ సాలులో ఏ గింజ ముందు, ఏ గింజ వెనక, ఎంత ఎడం అనేది ఆడమనిషి ఇష్టం. మగవాడు అడగడు. సాలులో పండింది మార్కెట్టుకు పోదు, కుండలోకి పోతుంది.

నేను చివరగా పనిచేసింది చింతామణిలో ఉన్న ఒక ఎగుమతి సంస్థ గోదాములో. చిక్కబళ్ళాపురంలో దాని ఆఫీసు. అప్పట్లో చిరుధాన్యాల పేరు ఊరూరా మోగుతోంది. యూరపులో పసిపిల్లలకు గంజిపొడి తయారు చేసే ఒక కంపెనీ మా రాగి అడిగింది. మందులు చల్లని రాగి కావాలి, ఒక్క కంటైనరు నిండాలి, అంటే సుమారు ఇరవై టన్నులు. అది వాళ్ళకు నచ్చితే ఏటేటా కొంటారు. బాగేపల్లి వైపు నలభై మూడు ఇళ్ళ రైతు సంఘం ఒకటి అందుకు ముందుకొచ్చింది. వానను నమ్ముకున్న గరప నేలలు అవి. మందులు కొనే అలవాటు వాళ్ళకు మొదటి నుంచీ లేదు. మా మేనేజరు ముప్పై ఏళ్ళ అమ్మాయి, బెంగుళూరు మనిషి, కన్నడం మాట్లాడేది, పనిలో చురుకు. ఆమె ఈ సంఘాన్ని వెతికి పట్టుకుందన్న మాట నిజం, ఆ ఘనత ఆమెదే.

2022 పంట నవంబరులో కోతకు వచ్చింది. జనవరికల్లా రాగి మా గోదాముకు చేరింది. జల్లెడలు దాటింది, రాళ్ళు తీసే యంత్రం దాటింది. తేమ పదకొండు శాతం లోపు. నేను చూసిన రాగుల్లో అంత మంచి రాగి తక్కువ. నా పక్క బల్ల మీద నమూనాలు చూసే సహోద్యోగి ఒకడు ఉండేవాడు. నాకంటే నాలుగేళ్ళు చిన్న, నోరు ఊరుకునేది కాదు. ఆ రాగి గుప్పిట పట్టి, దీన్ని తిని పెరిగే ఆ దేశపు పిల్లలు రేపు మన పిల్లోళ్ళను కుస్తీలో పడగొడతారని బెంగ పెట్టుకున్నాడు.

ఫిబ్రవరి 14న పరీక్ష రిపోర్టు వచ్చింది. మందుల అవశేషం లేదు. బూజు విషం లేదు. చివరి వరుసలో మాత్రం, ఆవాలు ఉన్నట్టు రాశారు.

ఆ దేశాల్లో కొందరికి ఆవాలు పడవు. ప్రాణం మీదికి వచ్చేవాళ్ళూ ఉంటారు. అందుకే పిల్లల గంజిలో ఆవాల ఆనవాలు కూడా ఉండకూడదని వాళ్ళ కట్టడి. ఆవగింజలో అరవయ్యో పాలు అని మనం మాటవరసకు అంటాం. ఆ ప్రయోగశాల అంతకంటే చిన్న పాలును కూడా పట్టుకోగలదు. మా యంత్రాలు మాత్రం పట్టుకోలేవు. ఆవగింజ, రాగిగింజ ఒకే గుండ్రం, దాదాపు ఒకే సైజు, కొన్ని రకాల్లో ఒకే రంగు. జల్లెడకు తేడా తెలియదు. నా సహోద్యోగి భూతద్దం కింద సూదితో ఏరుతూ కూర్చుని, ఇరవై టన్నులు ఇలా ఏరితే తన మనవడి పెళ్ళికి పని పూర్తవుతుందని లెక్క చెప్పాడు. వాడికి అప్పటికి మనవడు లేడు.

ఆ రాగి మామూలు బేరానికి చింతామణిలోనే అమ్ముడుపోయింది. కొనే కంపెనీ మర్యాదగా జవాబు రాసింది: వచ్చే పంటలో ఆవాలు లేకుండా చూసుకోగలిగితే మళ్ళీ చూస్తాం, ఇంకొక్క ఏడు ఆగుతాం. అంటే ఆ నలభై మూడు ఇళ్ళకు మిగిలింది ఒక్క అవకాశం. తరువాత జరిగినదంతా దాని కోసమే.

మే నెలలో సంఘం షెడ్డులో సభ పెట్టారు. నలభై మూడు ఇళ్ళ నుంచి నలభై మూడు మంది వచ్చారు. అందరూ మగవాళ్ళే. ఈ మాట నేను ఆ రోజు గమనించలేదు. హాజరు నలభై మూడు అని మాత్రం గమనించి, నూటికి నూరు శాతం వచ్చారని సంతోషించాను. మేనేజరు అడిగింది ఆవాలు ఒక్కటే. అనప ఉండొచ్చు, అలసంద ఉండొచ్చు, వాటిని జల్లెడ పట్టి తీసేయవచ్చు అని ఆమె స్పష్టంగా చెప్పింది. అప్పుడు అధ్యక్షుడు లేచాడు. అరవై దాటిన మనిషి, మాట మీద నిలబడేవాడు. ఆ కంటైనరు ఓడ ఎక్కడం చూడాలని అతనికి ఎంత కోరికో నాకు తెలుసు.

“ఆవాలు ఒక్కటీ ఎయ్యొద్దంటే ఎవురు కాపలా కాస్తారు? సాలు ఉంటే ఆవాలు ఉంటాయి. సాలే వద్దు. ఒట్టి రాగి ఏద్దాం. ట్రాక్టరు గొర్రుతో ఒక్క పూటకి అయిపోతాది, వెనకాల ఎవురూ నడిచే పని ఉండదు.”

ట్రాక్టరు అనగానే షెడ్డులో కదలిక వచ్చింది. ఎద్దులను మేపలేక విసిగిన ఇళ్ళు ఉన్నాయి అక్కడ. చేతులు లేచాయి. నేను లెక్కపెట్టాను, నలభై మూడు. తీర్మానం రాసింది కూడా నేనే: ఎగుమతి చేలలో రాగి తప్ప వేరే పంట ఉండరాదు, ఉన్న చేను జాబితా నుంచి తొలగించబడును. వాక్యం బాగా కుదిరిందని అనుకున్నాను.

జూలై ఆఖర్లో విత్తనం పడింది. ఆ మధ్య సంతలో ఎద్దుల జతలు చాలా చేతులు మారాయని విన్నాను. అది ధాన్యం నాణ్యతకు సంబంధించిన విషయం కాదు కనుక పట్టించుకోలేదు.

సెప్టెంబరులో చేలు చూసే పని నాకు పడింది. మూడు రోజుల్లో నలభై రెండు చేలు చూశాను. అన్నీ శుభ్రం. ఒట్టి రాగి, దువ్విన తలలా. చివరిది ఈ చేను. ఎద్దులు అమ్మని రైతు ఇతను. పాత గొర్రుతోనే విత్తాడు. అధ్యక్షుడికి ఇతను స్వయానా తమ్ముడు. దూరం నుంచే నాకు రాగి పచ్చ మధ్య వేరే పచ్చ కనిపించింది. అనప, అలసంద, ఆముదం, సాలు తప్పకుండా, ఎప్పటిలాగే. ఆవాలు ఉన్నచోట మాత్రం అప్పుడే పీకిన గుంటలు.

రైతు తలదించుకుని ఉన్నాడు. విత్తేటప్పుడు చూసుకోలేదా అని అధ్యక్షుడు తమ్ముణ్ణి గద్దించాడు. జవాబు చేనులోపలి నుంచి వచ్చింది.

“ముందర నడిచే మొగోనికి ఎనకాల ఏం పడతాండాదో యాడ తెలుస్తాది? ఆయప్పను ఏమీ అనొద్దు బావా. ఏసింది నేను. ఆవాలు వద్దంటిరని నిన్న తెలిసె, పొద్దున్నే పీకేస్తిని. ఇంగేమి కావాల?”

“ఆవాలే కాదమ్మా, సాలే ఉండకూడదని తీర్మానం,” అన్నాడు అధ్యక్షుడు.

“ఆ తీర్మానంలో నేనుంటినా?”

“మీ ఆయన ఉండె. చెయ్యెత్తె.”

“చెయ్యెత్తినాయప్ప ముద్దలోకి సారు కాస్తాడా?” అందామె. కొడవలి నడుముకు దోపుకుని గట్టు వైపు రెండడుగులు వేసింది. “పోయిన ధనుర్మాసమంతా దినామూ గిన్ని పట్టుకొనొచ్చి పితికిపప్పు సారు పోయించుకొని పోతివి కదా బావా. అది యాడ కాసిందనుకుంటివి? బెంగుళూరులోనా?”

నానబెట్టి పొట్టు పితికిన అనపగింజలతో, రాగిముద్దలోకి కాచే పులుసు అది; మా వైపు సారు అంటారు. అధ్యక్షుడు నా వైపు చూశాడు. నేను కాగితం వైపు చూశాను. అప్పుడు ఆమె నన్నే అడిగింది.

“అప్పా, మీరు లెక్కలు రాసే మనిషి. మీరు చెప్పండి. ఆ దేశమోళ్ళు రాగిని పాలల్లో కాంచి పిల్లోళ్ళకి తాపుతారంట. మంచిదే, తాగనీ. మేము ముద్ద దేంతో మింగాల?”

ఆ ప్రశ్నకు నా కాగితంలో గడి లేదు. తేమకు ఉంది, రాయికి ఉంది. ముద్ద దేనితో మింగాలి అన్నదానికి లేదు.

మేనేజరుకు ఫోను చేశాను. విషయం విని ఆమె, కొనేవాళ్ళు వద్దన్నది ఆవాలనే కదా, అవి పీకేశారు కదా అంది. నేను తీర్మానం చదివి వినిపించాను. అధ్యక్షుడు ఫోను తీసుకుని, తమ్ముడి చేనని వదిలేస్తే రేపు మిగిలిన నలభై రెండు ఇళ్ళకు తను ఏ ముఖం చూపించాలని అడిగాడు. అందులో న్యాయం ఉంది. చివరికి ఆమె, సంఘం తీర్మానం సంఘానిదే, దాని ప్రకారం చేయండి అంది.

సాలు పీకితే చేను జాబితాలో ఉంటుంది, లేకపోతే పోతుంది అని రైతుకు చెప్పాం. అతను చేనులో దిగాడు. మొదటి అనప తీగ దగ్గర వంగాడు. ఆమె అడ్డం పోలేదు, అరవలేదు. వెళ్ళి ఆ సాలులోనే, తీగల పక్కన, చీర కుచ్చెళ్ళు సర్దుకుని కూర్చుంది. అతను నడుము ఎత్తి ఆమెను చూశాడు, అన్నను చూశాడు, మబ్బును చూశాడు. తిరిగి గట్టెక్కి నా దగ్గరికి వచ్చి మెల్లగా అన్నాడు:

“పీకొచ్చు సార్. పీకినంక ఇంటికి పోవాల కదా. మా చేను కొట్టేయండి.”

కొట్టేశాను. సంఖ్య నలభై మూడు, ఎదురుగా ఒక గీత, తేదీ, సంతకం. తిరుగు దారిలో, హైవే దగ్గర టీ తాగేటప్పుడు, ఆ సారు మాట నిజమే సార్ అన్నాడు అధ్యక్షుడు.

ఆ ఏడు వానలు ఎగ్గొట్టిన సంగతి మా జిల్లాలో అందరికీ తెలుసు. రాగి పొట్ట మీద ఉన్నప్పుడు వాన ముఖం చాటేసింది. వెన్నులు సగం తాలు. నవంబరులో రెండు వానలు పడ్డాయి. అప్పటికి రాగికి వాటితో పని లేదు. నలభై రెండు చేల ఎగుమతి రాగి చింతామణి గోదాములో తూకం వేస్తే ఆరు టన్నుల నాలుగు వందల కిలోలు అయింది. పరీక్షలో ఆవాలు లేవు. ఏ లోపమూ లేదు. నా ఉద్యోగ జీవితంలో అంత మచ్చలేని రిపోర్టు నేను చూడలేదు. కానీ కంటైనరు నిండదు. మూడో వంతు కంటైనరు పంపితే రవాణా గిట్టుబాటు కాదు, వేరే ఊరి రాగి కలిపితే ఏ పొలంలో పండిందో జాడ చూపించలేం. కొనే కంపెనీ విచారం తెలుపుతూ రాసింది. ఒక్క ఏడు ఆగుతామన్నారు, ఆగారు. ఆ తరువాత ఇంకో రాష్ట్రం నుంచి కొనడం మొదలుపెట్టారని మేనేజరు చెప్పింది. కొన్నాళ్ళకు ఆమె కూడా వేరే ఉద్యోగానికి వెళ్ళింది. వెళ్ళేముందు నా బల్ల దగ్గరికి వచ్చి, మే నెల సభకు ఆడవాళ్ళను కూడా పిలవండి అని నేనెందుకు చెప్పలేదు సార్ అంది. నాకూ తోచలేదమ్మా అన్నాను.

డిసెంబరు నెలాఖరున, ఒక ఉదయం, మిగిలిన గోనెసంచులు వెనక్కి తెచ్చే పని మీద మళ్ళీ ఆ ఊరు వెళ్ళాను. మంచు బాగా కురిసిన రోజు. మంచు తాగితేనే అనపకు సొగడు వస్తుందని, అంటే ఆ ఘాటైన వాసన పడుతుందని, మా వైపు అంటారు. దారి మలుపులోనే ఆ వాసన తెలిసింది. నేను కొట్టేసిన చేనది.

ఆ చేలోనూ రాగి పోయింది. మిగతా ఊరికి పోయినట్టే పోయింది. సాళ్ళు మాత్రం నిలిచాయి. అనప వేరు లోతుకు దిగుతుంది. నవంబరు వానలు రెండూ దానికి అందాయి. గట్టు మీద ఏడెనిమిది మంది ఆడవాళ్ళు కూర్చుని కాయలు వలుస్తున్నారు. అందరూ ఆ నలభై రెండు ఇళ్ళ వాళ్ళే. అధ్యక్షుడి భార్య కూడా ఉంది. బజారులో అనపకాయ ధర విని వెనక్కి తిరిగి, ఇక్కడికి వచ్చిన వాళ్ళు.

చేను గల ఆమె నన్ను చూసి గుర్తుపట్టింది. ఎత్తిపొడుస్తుందని తయారుగా ఉన్నాను. ఆమె ఒక దోసెడు కాయలు నా ముందు పోసింది.

“కూర్చోండప్పా. ఊరికే చూస్తే లెక్క తెగదు. ఒలవండి.”

కూర్చుని వలిచాను. అక్కడ మాటలు ఎప్పటిలాగే సాగాయి. ఒకామె తన భర్తకు ఉత్త మిరపకాయ కారంతో ముద్ద పెడితే, ఈ ఎగుమతి ఎప్పుడు ముగుస్తుందని అడిగాడని చెబితే అందరూ నవ్వారు. అధ్యక్షుడి భార్య నవ్వలేదు. విత్తనానికి కొంచెం దాచిపెట్టవే అని తోడికోడలితో మెల్లగా అంది. తన ఇంట్లో ఏటేటా ఉట్టి మీద ఉండే అనప విత్తనం ఆ ఏడు వేయక, తిని ముగించేశారట. దాచిపెడతానక్కా, అందరికీ ఇస్తా అందామె. ఆ మాట నిలబెట్టుకుంది కూడా.

ఈ పనిలో కొత్తగా చేరిన పిల్లలకు నేను చెప్పదలుచుకున్నది ఇదే. ఆ రోజు కొట్టేసిన ఒక్క చేను నన్ను బాధపెట్టలేదు. దాని సంగతి అదే చూసుకుంది. బాగున్నాయని సంతకం పెట్టిన నలభై రెండు చేలు ఉన్నాయే, అవి నిద్ర పట్టనివ్వవు. ప్రతి గింజకూ గడి గీసిన వాణ్ణి, ఆ దువ్విన తలల్లాంటి చేలలో ఏం తగ్గిందో ఒక్కసారి రాసుకోలేదు. లేనిదాన్ని లెక్కపెట్టడం నాకెవరూ నేర్పలేదు, నేనూ నేర్చుకోలేదు. కొనే కంపెనీ తప్పు ఇందులో లేదు. వాళ్ళ పిల్లల ప్రాణం వాళ్ళకు ముఖ్యం. అధ్యక్షుడి తప్పు అని కూడా అనలేను. ఆవగింజ ఒక్కటి తీయమంటే మేమందరం కలిసి కుండ తీసేశాం.

2024 మార్చి 31న పదవీ విరమణ చేశాను. ఆ ఏడు వానలు మంచిగానే మొదలయ్యాయి. ఎవరూ అడగకపోయినా, ఆగస్టులో బస్సెక్కి వెళ్ళి ఆ నలభై మూడు చేలూ మళ్ళీ చూశాను. ఇప్పుడు ఎగుమతి బేరం లేదు, తీర్మానానికి విలువ లేదు, విత్తనం ఇవ్వడానికి మనిషి ఉంది. సాళ్ళన్నీ తిరిగి వచ్చి ఉంటాయని అనుకున్నాను. చాలా చేలలో రాలేదు. దారిలో అధ్యక్షుడు ఎదురయ్యాడు. ఆయన చేలోనూ ఒట్టి రాగే ఉంది. నేను అడగకముందే చెప్పాడు.

“సాలు ఎయ్యాలంటే పాత గొర్రు కావాల సార్. గొర్రుకి ఎద్దులు కావాల. ఎద్దులు ఆ ఏడే సంతకి పోయె. ట్రాక్టరు ఎనకాల మా ఆడోళ్ళు పరిగెత్తలేరు కదా.”

తరువాత తనలో తను అన్నట్టు, మా యింటామె సారు తమ్ముని ఇంట్లో తెచ్చుకొంటాది సార్, అన్నాడు.

పోయిన ఆగస్టులో కూడా వెళ్ళి చూసి వచ్చాను. లెక్క ఇది. సంఘంలో ఇళ్ళు నలభై మూడు. 2022లో రాగి చేలో సాలు లేని ఇల్లు ఒక్కటీ లేదు. ఇప్పుడు సాలు ఉన్న ఇళ్ళు తొమ్మిది. ఓడ ఎక్కిన రాగి, సున్నా కిలోలు.